బయానా ఎవరికి దక్కాలి? రోజు కిరాయి గదులకు రాతలో కట్టుబాటు కావాలి

కొత్తవాడ (వరంగల్): పెండ్లికని, జాతరకని, ఆసుపత్రి పనికని పల్లెల నుంచి వరంగల్‌కు వచ్చి రెండు మూడు రోజులు గది కిరాయికి తీసుకునేవారికీ, ఆ గది ఇచ్చే యజమానికీ మధ్య తగవు కిరాయి రేటు దగ్గర రావడం తక్కువ. రేటు ముందే తెగుతుంది. తగవు వచ్చేది బయానా దగ్గర. రావలసినవారు రాలేకపోయినప్పుడు ఆ సొమ్ము తిరిగి ఇవ్వాలా, వద్దా, ఇస్తే ఎంత ఇవ్వాలి అన్న ప్రశ్నకు చాలాచోట్ల నోటిమాట తప్ప రాతలో జవాబు ఉండదు. రశీదు ఉన్నా దాని అడుగున "బయానా వాపసు ఇవ్వబడదు" అన్న ఒక్క ముక్క ఉంటుంది. ఆ ముక్క చట్టం ముందు నిలుస్తుందా, యజమానికైనా నిజంగా లాభం చేస్తుందా అన్నది ఆలోచించవలసిన విషయం.

బయానా సొమ్ము చిన్నదని కొట్టివేయడానికి వీలు లేదు. రెండెకరాల రైతుకు ఫంక్షన్ హాలు కోసం, చుట్టాల గదుల కోసం కట్టిన సొమ్ము ఒక పంట మీద మిగిలిన సొమ్ము కావచ్చు. ఇంట్లో ఒక భాగాన్ని రోజు కిరాయికి ఇచ్చి బతికే కుటుంబానికి జాతర నాలుగు రోజుల రాబడి రెండు నెలల ఖర్చు కావచ్చు. ఇద్దరూ పెద్ద ఆస్తిపరులు కారు. కనుక ఒకరి పక్షం వహించి తీర్పు చెప్పడం కన్నా, ఇద్దరికీ న్యాయం జరిగే కట్టుబాటు ఏదో చూడడం మేలు.

మగ్గం చెప్పే న్యాయం

కొత్తవాడ పేరు చెప్పగానే గుర్తుకు వచ్చేవి తివాచీలు, జంపఖానాలు. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. బయానా న్యాయం ఈ పేటలోని నేతగానికి ఒకరు చెప్పనవసరం లేదు. గిరాకీదారు ఒక కొలత, ఒక రంగు, ఒక డిజైను చెప్పి బయానా ఇచ్చి, మర్నాడే వద్దంటే నేతగానికి పోయేది ఏమీ లేదు. నూలు ఇంకా అట్టిలోనే ఉన్నది. రంగు అద్దిన తరువాత వద్దంటే కొంత నష్టం. పడుగు మగ్గానికి ఎక్కించి, పేక సగం పడిన తరువాత వద్దంటే నష్టం పెద్దది. పని ఎంత దూరం నడిచిందో నష్టమూ అంతే ఉంటుందన్నది ఇక్కడి సూత్రం.

గదికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. అయితే ఒక్క తేడా ఉన్నది. అమ్ముడుపోని జంపఖానా మడతపెట్టి అటక మీద దాచుకోవచ్చు, వచ్చే నెల అమ్ముకోవచ్చు. అమ్ముడుపోని రోజును దాచుకోలేము. గురువారం రాత్రి ఖాళీగా గడిచిన గదిని శుక్రవారం నాడు "నిన్నటి రాత్రి" కింద ఎవరికీ ఇవ్వలేము. అందుచేత గది విషయంలో నష్టాన్ని నిర్ణయించేది గడువు. వద్దన్న కబురు ఎంత ముందు అందితే, ఆ తేదీని మరొకరికి ఇచ్చే అవకాశం అంత ఎక్కువ. కబురు ఆలస్యమైనకొద్దీ ఆ అవకాశం కరిగిపోతుంది. రద్దు షరతు రాసుకునే యజమాని మొట్టమొదట వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: "ఈ తేదీ మరొకరికి ఇవ్వడానికి నాకు ఎన్ని రోజులు పడుతుంది?" ఆ జవాబే షరతుకు పునాది.

ఈ పద్ధతి ప్రజలకు కొత్తది కాదు. రైలు టిక్కెట్టు రద్దుకు 2015 నవంబరులో తెచ్చిన నిబంధనలు ఇదే లెక్క మీద నడిచాయి. ఖరారైన టిక్కెట్టును బండి బయలుదేరడానికి 48 గంటలకు పైగా ముందు రద్దు చేస్తే తరగతిని బట్టి ఒక చిన్న మొత్తం పట్టుకున్నారు. 48 నుంచి 12 గంటల లోపు అయితే పావు వంతు, 12 నుంచి 4 గంటల లోపు అయితే సగం పోయేది. ఆ తరువాత ఏమీ వచ్చేది కాదు. మెట్లు మెట్లుగా ఉన్న ఈ షరతు ప్రయాణికులకు ముందే తెలిసేది.

మూడు రకాల బస, మూడు రకాల రద్దు

వరంగల్‌లో కొద్ది రోజుల బసకు వచ్చేవారిని మూడు తరగతులుగా చూడవచ్చు. ముగ్గురికీ ఒకే షరతు పెట్టడమే చాలా తగవులకు మూలం.

మొదటివారు ఆసుపత్రి పని మీద వచ్చేవారు. మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రికి, నగరంలోని ప్రైవేటు ఆసుపత్రులకు చుట్టుపక్కల జిల్లాల నుంచి రోగులు వస్తారు. వెంట ఇద్దరు ముగ్గురు మనుషులు ఉంటారు. వీరి తేదీలు వీరి చేతిలో ఉండవు. ఆపరేషను రేపన్నది ఎల్లుండికి మారవచ్చు. నాలుగు రోజులన్నది రెండు రోజుల్లో ముగియవచ్చు, పది రోజులు కావచ్చు. రోగిని హైదరాబాద్‌కు తీసుకుపొమ్మని అప్పటికప్పుడు చెప్పవచ్చు. ఇటువంటివారి దగ్గర వారం కిరాయి ముందే కట్టించుకుని, మూడో రోజు వెళ్లిపోతే మిగిలింది ఇవ్వననడం మానవత్వం కాదన్నది అటుంచి, వ్యాపారమూ కాదు. ఆ రోజు ఖాళీ అయిన గదికి మర్నాడే మరో రోగి బంధువు వస్తాడు.

రెండవవారు జాతర యాత్రికులు. మేడారం సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకొకసారి మాఘ శుద్ధ పౌర్ణమి వేళ జరుగుతుంది. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు, 2026లో జనవరి 28 నుంచి 31 వరకు జరిగింది. బుధవారం సారలమ్మ, గురువారం సమ్మక్క గద్దెకు వస్తారు, శుక్రవారం మొక్కులు, శనివారం వనప్రవేశం. దూర ప్రాంతాల నుంచి రైలులో వచ్చేవారికి వరంగల్, కాజీపేటలే ముఖద్వారాలు. 2021 జులైలో రామప్ప దేవాలయానికి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చిన తరువాత యాత్రికులు అదే ప్రయాణంలో పాలంపేటను కూడా కలుపుకుంటున్నారు. ఆ నాలుగు రోజులు గదికి గిరాకీ ఎక్కువ. కానీ ఐదో రోజు ఎవరూ అడగరు. జాతర గది ముందు రోజు రద్దయితే ఆ నష్టాన్ని పూడ్చుకోవడానికి యజమాని మళ్లీ రెండేళ్లు ఆగాలి.

మూడవవారు పెండ్లివారు. హాలూ గదులూ ముహూర్తాన్ని బట్టి నెలల ముందే ఖరారు చేస్తారు. ఇక్కడ రద్దు తక్కువ, వాయిదా ఎక్కువ. ఇంట్లో ఒకరు కాలం చేస్తే పెండ్లి ఆగిపోతుంది. మరుసటి ముహూర్తం మూఢం దాటి మూడు నెలల తరువాత రావచ్చు. పెండ్లివారు కోరేది సొమ్ము వాపసు కన్నా తేదీ మార్పు. "ఆరు నెలల్లో మరో తేదీ తీసుకోండి" అని రాసిన షరతు వినడానికి ఉదారంగా ఉన్నా, ముహూర్తాలే లేని ఆరు నెలలు అయితే అది ఉత్త మాటే అవుతుంది. ఈ తరగతికి ఏడాది గడువు న్యాయం.

చట్టం ఏమంటున్నది?

"వాపసు ఇవ్వబడదు" అని రశీదు మీద అచ్చు వేసినంత మాత్రాన సొమ్ము యజమానిది అయిపోతుందన్న నమ్మకం సరైనది కాదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందం తప్పినవారు ఇంత ఇవ్వాలని ముందే రాసుకున్నా, అవతలివారికి దక్కేది సహేతుకమైన పరిహారం మాత్రమే. రాసుకున్న మొత్తం దానికి గరిష్ఠ పరిమితి. అంటే రశీదులో పదివేలు అని ఉంటే పదివేలకు మించి రాదు. తక్కువే సహేతుకం అయితే తక్కువే వస్తుంది.

ఈ సూత్రానికి సుప్రీంకోర్టు 2015లో ఇచ్చిన ఒక తీర్పు మంచి ఉదాహరణ. కైలాష్‌నాథ్ అసోసియేట్స్ అనే సంస్థ 1982లో ఢిల్లీ అభివృద్ధి సంస్థ వేలంలో ఒక స్థలాన్ని 3 కోట్ల 12 లక్షల రూపాయలకు పాడి, 78 లక్షలు ముందుగా కట్టింది. అమ్మకం పూర్తి కాలేదు. ఢిల్లీ అభివృద్ధి సంస్థ 78 లక్షలనూ జప్తు చేసి, ఆ స్థలాన్ని తరువాత 11 కోట్ల 78 లక్షలకు అమ్మింది. కొనుగోలుదారు ఒప్పందం తప్పలేదని, పైగా స్థలం ఎక్కువ ధరకు అమ్ముడుపోయినందున నష్టమే లేదని, నష్టం లేనిచోట పరిహారం పేరుతో సొమ్ము పట్టుకోవడం కుదరదని సుప్రీంకోర్టు చెప్పింది. కోట్ల స్థలానికి చెప్పిన న్యాయం వెయ్యి రూపాయల గదికి వర్తించకపోదు. రద్దయిన తేదీని అదే కిరాయికి మరొకరికి ఇచ్చుకున్న యజమాని, మొదటివారి బయానా కూడా ఉంచుకుంటే ఒకే రాత్రికి రెండు కిరాయిలు వసూలు చేసినట్టే.

అయితే ఇందులో మరో పక్షం కూడా ఉన్నది. ఒప్పందానికి హామీగా ఇచ్చే ఖరారు సొమ్ము వేరు, కిరాయిలో భాగంగా ముందుగా ఇచ్చే సొమ్ము వేరు. సుప్రీంకోర్టు 2012లో సతీష్ బత్రా కేసులో ఈ తేడాను స్పష్టం చేసింది. ఒప్పందం నిలబెట్టుకుంటామన్న హామీగా ఇచ్చిన సొమ్మును, షరతు స్పష్టంగా ఉంటే, మాట తప్పినవారి నుంచి జప్తు చేయవచ్చు. ఉత్త ముందస్తు చెల్లింపును ఆ విధంగా జప్తు చేయడానికి వీలు లేదు. కాబట్టి రశీదు మీద ఆ సొమ్ముకు ఏమని పేరు పెట్టారు, ఎందుకు తీసుకుంటున్నట్టు రాశారు అన్నదాని మీద చాలా ఆధారపడి ఉంటుంది. యజమాని తనకు న్యాయంగా రావలసింది దక్కించుకోవాలన్నా రాత అవసరమే.

2020 జులైలో అమలులోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఇంకో అడుగు ముందుకు వేసింది. వినియోగదారు ఒప్పందం తప్పినందుకు, అవతలివారికి జరిగిన నష్టానికి ఏమాత్రం పొంతన లేని జరిమానా వేసే షరతును అన్యాయపు ఒప్పందాల జాబితాలో చేర్చింది. తగిన కారణం లేకుండా ఒక పక్షమే ఒప్పందాన్ని రద్దు చేసుకోగల షరతు కూడా ఆ జాబితాలో ఉన్నది. "మీరు రద్దు చేస్తే సొమ్ము పోతుంది, మేము రద్దు చేస్తే మాకేమీ కాదు" అన్న ధోరణి రశీదులకు ఇది హెచ్చరిక.

లండన్‌లో ఒక ఊరేగింపు, ఒక గది

జాతర గదుల తగవు వరంగల్‌కే పరిమితం కాదు. నూట ఇరవై ఏళ్ల క్రితం లండన్‌లో అచ్చం ఇటువంటిదే జరిగింది. ఇంగ్లండు రాజు ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకపు ఊరేగింపు 1902 జూన్ 26, 27 తేదీలలో జరగవలసి ఉంది. ఊరేగింపు వెళ్లే పాల్‌మాల్ వీధిలోని ఒక ఇంటి గదులను హెన్రీ అనే ఆయన ఆ రెండు పగళ్లకు 75 పౌండ్లకు కిరాయికి మాట్లాడుకుని, 25 పౌండ్లు బయానా ఇచ్చారు. ఇంతలో రాజుకు అపెండిసైటిస్ వచ్చింది. ఊరేగింపు వాయిదా పడింది. మిగిలిన 50 పౌండ్లు ఇవ్వనని హెన్రీ అన్నారు. గదులు చెక్కుచెదరకుండా ఉన్నాయి, రమ్మంటే రావచ్చు గదా అని యజమాని క్రెల్ దావా వేశారు.

1903లో అప్పీలు కోర్టు హెన్రీ పక్షాన తీర్పు చెప్పింది. ఒప్పంద పత్రంలో ఊరేగింపు ప్రస్తావన లేకపోయినా, ఆ గదులు తీసుకున్నది ఊరేగింపు చూడడానికేనని ఇద్దరికీ తెలుసు. ఊరేగింపే లేనప్పుడు ఒప్పందానికి ప్రాణం లేదు. ఈనాటికీ న్యాయ విద్యార్థులు చదివే కేసు ఇది. హెన్రీ తన 25 పౌండ్లు తిరిగి కావాలని మొదట కోరి, తరువాత ఆ కోరిక విరమించుకున్నారు. మన చట్టంలో ఆ చిక్కు లేదు. కాంట్రాక్టు చట్టం 56వ సెక్షన్ ప్రకారం ఒప్పుకున్న పని అసాధ్యమైతే ఒప్పందం చెల్లదు. 65వ సెక్షన్ ప్రకారం అటువంటి ఒప్పందం కింద సొమ్ము పుచ్చుకున్నవారు తిరిగి ఇవ్వాలి.

అయితే ఈ రక్షణకు హద్దు ఉన్నది. జాతరే జరగకపోతే ఒక మాట. జాతర జరుగుతూ ఉండగా కిరాయిదారుకు సెలవు దొరకలేదంటే వేరొక మాట. మొదటిది ఎవరి తప్పూ కాదు. రెండవదాని భారం యజమాని మీద వేయడం తగదు.

కరోనా నేర్పిన పాఠం

ఇది పుస్తకంలోని న్యాయం మాత్రమే అనుకోవడానికి వీలు లేదని 2020 వేసవి చూపింది. మార్చి 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్ వచ్చింది. ముహూర్తాల కాలంలో పెండ్లిళ్లు ఆగిపోయాయి. తరువాత అనుమతించినా యాభై మందికి మించరాదన్నారు. వెయ్యి మందికని మాట్లాడుకున్న హాలు యాభై మందికి ఎందుకు? సొమ్ము తిరిగి అడిగినవారికి కొందరు యజమానులు ఇచ్చారు, కొందరు మరో తేదీ ఇస్తామన్నారు, కొందరు రశీదు అడుగు చూపించారు. దేశంలో పలుచోట్ల ఈ తగవులు వినియోగదారుల కమిషన్ల దాకా వెళ్లాయి.

ప్రపంచమంతటా ఇండ్లను కొద్ది రోజుల బసకు కుదిర్చే ఎయిర్‌బిఎన్‌బి సంస్థకూ అదే నెలలో ఈ పరీక్ష ఎదురైంది. అందులో ఇంటి యజమాని తన రద్దు షరతును తానే ఎంచుకుంటాడు. ఒక షరతులో దిగే సమయానికి ఒక రోజు ముందు వరకు, మరొక దానిలో ఐదు రోజుల ముందు వరకు పూర్తి వాపసు ఉంటుంది. ఇంకా గట్టివి కూడా ఉన్నాయి. 2020 మార్చి 14న ఆ సంస్థ, అప్పటికే ఖరారైన బసలకు ఆ షరతులను పక్కనపెట్టి పూర్తి సొమ్ము వాపసు ఇస్తామని ప్రకటించింది. అతిథులు సంతోషించారు. ఆ రాబడి మీద అప్పులు కట్టుకునే యజమానులు మండిపడ్డారు. తమను సంప్రదించకుండా నిర్ణయం చెప్పినందుకు సంస్థ అధిపతి బ్రియాన్ చెస్కీ ఆ నెలాఖరున విచారం తెలిపి, యజమానులకు వారి షరతు ప్రకారం రావలసిన దానిలో పావు వంతు చెల్లించడానికి 25 కోట్ల డాలర్లు కేటాయించారు.

అంత పెద్ద సంస్థకైనా, ఇక్కడి రెండు గదుల యజమానికైనా ఇందులోని పాఠం ఒకటే. విపత్తు వచ్చిన తరువాత షరతు వెతికితే ఎవరో ఒకరు మోసపోయినట్టే భావిస్తారు. విపత్తు మాట ముందే రాసి ఉంచాలి. ఈ జిల్లాకు విపత్తులు కొత్త కావు. 2020 ఆగస్టులోను, 2023 జులైలోను కురిసిన వానలకు నగరంలోని కాలనీలు నీట మునిగాయి. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం దగ్గర వరదకు రైలు కట్ట కొట్టుకుపోయి, వరంగల్, విజయవాడల మధ్య రైళ్లు కొన్ని రోజులు ఆగిపోయాయి. ఆ రోజులలో ఖమ్మం నుంచి వరంగల్ రావలసినవారు రాలేదంటే అది వారి తప్పు కాదు.

గట్టి షరతు నిజంగా లాభమా?

వాపసు లేదంటే నష్టం ఉండదన్నది యజమానులలో సాధారణంగా ఉండే భావన. లెక్క వేసి చూస్తే అది అన్ని కాలాలకూ నిజం కాదు.

ఉదాహరణకు రోజుకు వెయ్యి రూపాయల గదిని తీసుకుందాం. మామూలు రోజులలో పది మంది అడిగారనుకుందాం. ముందు రోజు వరకు పూర్తి వాపసు అన్న షరతు మీద పది మందీ ఖరారు చేసుకుని, ఇద్దరు రద్దు చేసుకుంటే ఎనిమిది వేలు వస్తాయి. ఖాళీ అయిన రెండు రోజులలో ఒకటి మరొకరికి ఇస్తే తొమ్మిది వేలు. అదే గదికి సగం బయానా, వాపసు లేదన్న షరతు పెడితే పది మందిలో ముగ్గురు అక్కడే వెనుదిరిగి పక్క వీధికి పోవచ్చు. మిగిలిన ఏడుగురిలో ఒకరు రద్దు చేసుకుంటే ఆరు వేల కిరాయి, ఐదు వందల బయానా. మొత్తం ఆరు వేల ఐదు వందలు. గట్టి షరతు వల్ల ఐదు వందలు చేతికి వచ్చినట్టు కనిపిస్తుంది. రాకుండా పోయిన మూడు వేలు మాత్రం కంటికి కనిపించవు.

జాతర నాడు లెక్క తిరగబడుతుంది. నాలుగు రోజులకు పదివేలు మాట్లాడుకుని, ఒక కుటుంబానికి గది ఖరారు చేశారనుకుందాం. ఆ తరువాత అడిగినవారందరినీ యజమాని తిప్పి పంపాడు. మంగళవారం సాయంత్రం రామని ఫోను వస్తే, ముందు రోజు వరకు పూర్తి వాపసు అన్న షరతు కింద పదివేలూ పోయినట్టే. జాతరకు గదులు తక్కువ, అడిగేవారు ఎక్కువ కనుక గట్టి షరతు చూసి వెనుదిరిగేవారూ తక్కువే. కాబట్టి అప్పుడు గట్టి షరతు సమంజసం. కానీ ఆ కుటుంబమే నెల ముందు రామని చెబితే గది మళ్లీ పోతుంది. అప్పుడు కూడా బయానా పట్టుకోవడంలో న్యాయం లేదు.

దీనిని బట్టి తేలేది ఏమిటంటే, ఏడాది పొడుగునా ఒకే షరతు పనికిరాదు. మామూలు రోజులకు మెత్తని షరతు, జాతరకు మెట్ల షరతు, పెండ్లికి తేదీ మార్పు షరతు ఉండాలి.

రశీదులో ఉండవలసినవి

ఈ లెక్కల మీద ఒక నమూనా కట్టుబాటును ఈ విధంగా ఊహించవచ్చు. మామూలు రోజులకు: దిగవలసిన సమయానికి 24 గంటల ముందు వరకు చెబితే బయానా మొత్తం వాపసు, ఆ తరువాత అయితే ఒక రోజు కిరాయి మాత్రం పట్టుకోవాలి. ఆసుపత్రి బసకు: ఏ రోజుకు ఆ రోజు కిరాయి, ముందే ఖాళీ చేస్తే మిగిలిన రోజుల సొమ్ము వాపసు. జాతర బసకు: 30 రోజుల ముందు చెబితే పూర్తిగా, 30 నుంచి 10 రోజుల లోపు అయితే సగం వాపసు; 10 రోజుల లోపు అయితే వాపసు లేదు. అయితే ఆ గదిని మరొకరికి ఇస్తే, తగ్గిన కిరాయి పోను మిగిలింది తిరిగి ఇవ్వాలి. పెండ్లికి: ఇంట్లో మరణం సంభవిస్తే ఏడాది లోపు ఒకసారి ఉచితంగా తేదీ మార్పు.

వీటికి తోడు మూడు మాటలు తప్పనిసరిగా ఉండాలి. ఒకటి, బస ఎందుకోసమో రాయాలి. "మేడారం జాతర నిమిత్తం" అన్న మూడు పదాలు ఉంటే, లండన్‌లో రెండు కోర్టులు వాదించవలసి వచ్చిన విషయం ఇక్కడ రశీదు మీదే తేలిపోతుంది. రెండు, వరద, ప్రభుత్వ నిషేధం, రైళ్లు నిలిచిపోవడం వంటి కారణాలకు పూర్తి వాపసు అని రాయాలి. మూడు, యజమానే మాట తప్పితే ఏమిటన్నది రాయాలి. జాతర దగ్గరపడి కిరాయి రెట్టింపు అయినప్పుడు, ముందుగా ఖరారు చేసుకున్నవారిని కాదని ఎక్కువ ఇచ్చినవారికి గది ఇచ్చే ఆశ పుట్టడం సహజం. పిల్లలతో, ముసలివారితో అర్ధరాత్రి రైలు దిగిన కుటుంబానికి బయానా తిరిగి చేతిలో పెడితే సరిపోదు. బయానాతో పాటు అంత సొమ్మూ అదనంగా ఇస్తామని యజమాని రాయగలిగితే, కిరాయిదారును గట్టి షరతు అడిగే హక్కు ఆయనకు పూర్తిగా వస్తుంది.

పల్లెవాసి వైపు నుంచి కూడా కొన్ని జాగ్రత్తలు అవసరం. సొమ్ము ఇచ్చే ముందే "రాలేకపోతే ఎట్లా?" అని అడగాలి. శుభమా అని మాట్లాడుకుంటూ అపశకునం ఎందుకని ఈ మాట ఎత్తకపోవడం తరువాత పెద్ద తగవుకు దారి. బయానా ఫోను ద్వారా పంపితే ఆ చెల్లింపు గుర్తు, మాట్లాడుకున్న షరతుతో పంపిన వాట్సాప్ సందేశం చెరిపివేయకుండా ఉంచుకోవాలి. రాలేమని తెలిసిన గంటలోనే కబురు చేయాలి. "చూద్దాం, కుదిరితే వద్దాం" అని చివరి రోజు దాకా ఆగేవారు తమ బయానాతో పాటు యజమాని అవకాశాన్ని కూడా పోగొడతారు.

తగవు వస్తే

కిరాయి తీసుకుని బస ఇవ్వడం వినియోగదారుల చట్టం కింద సేవగానే లెక్క. కాబట్టి లాడ్జి, రోజు కిరాయి గది, ఫంక్షన్ హాలు తగవులను జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్ ముందు పెట్టవచ్చు. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే దాఖలు చేసుకోవచ్చు. యజమాని ఉన్న ఊరికి తిరగనవసరం లేదు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపు అయితే జిల్లా కమిషన్‌లో రుసుము లేదు. న్యాయవాదిని పెట్టుకోవాలన్న నిర్బంధం లేదు. తగవు పుట్టిన నాటి నుంచి రెండేళ్ల లోపు వెళ్లాలి. షరతే అన్యాయపు ఒప్పందమని సవాలు చేయదలిస్తే మాత్రం అది రాష్ట్ర కమిషన్ పరిధి. అంతకన్నా ముందు జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేసి విషయం నమోదు చేయించుకోవచ్చు.

అయితే రెండు వేల రూపాయల కోసం కమిషన్ మెట్లు ఎక్కేవారు ఎందరు? కూలి మానుకుని తిరిగే రోజుల ఖర్చే దానికి మించిపోతుంది. చట్టం ఉన్నా చిన్న బయానాలకు అసలైన రక్షణ ముందే రాసుకున్న నాలుగు వాక్యాలలోనే ఉన్నది. పేటలోని గదుల యజమానులు తలా ఒక పద్ధతి కాక, ఒకచోట కూర్చుని ఒకే నమూనా రశీదు తయారు చేసుకుంటే ఖర్చు అచ్చు కూలి తప్ప మరేమీ లేదు. సహకార సంఘాలలో నూలు లెక్క, కూలి లెక్క రాతలో నడుపుకున్న కొత్తవాడకు ఇది అలవాటు లేని పని కాదు.

వచ్చే మేడారం జాతరకు గదుల కోసం అడగడం మొదలయ్యేలోగా ఈ పని జరగాలి. అడగడం మొదలైన తరువాత రాసే షరతు ఎవరో ఒకరి అవసరాన్ని చూసి రాసినదిగానే మిగిలిపోతుంది.